మూడు నిమిషాల టోకెన్

ఆఫీసులో ఆమెను కొత్తమ్మాయి అనేవారు. చేరి నాలుగేళ్లు దాటినా ఆ పేరు పోలేదు, ఎందుకంటే ఆమె తర్వాత ఎవరినీ చేర్చుకోలేదు. కాంట్రాక్టు ఏడాదికోసారి ముగిసేది. ముగిసినప్పుడల్లా మేనేజరు పిలిచి, ఈ ఒక్క ఏడాదీ ఓపిక పట్టమని, పర్మనెంటు చేయిస్తానని చెప్పేవాడు. ఆమె ఓపిక పట్టేది. ఓపిక తప్ప పట్టుకోవడానికి ఆమెకు ఇంకేమీ లేదు.

ఆ సంస్థ నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీలు, కాలు పోయినవాళ్లకు పెట్టుడు కాళ్లు, వినపడనివాళ్లకు చెవి మిషన్లు ఇస్తుంది. అడిగిన అందరికీ ఇవ్వదు. దరఖాస్తులు కంప్యూటర్లో వస్తాయి. హాల్లో రెండు వరసల్లో కూర్చున్న ఆఫీసర్లు వాటిని చూసి ఔననో కాదనో తేలుస్తారు. ఔననాలంటే స్క్రీను మీద నాలుగు గడులు నింపాలి: ఈ మనిషికి ఇది ఎందుకు కావాలి, డాక్టరు ఏమన్నాడు, ఇంట్లో చూసుకునేవాళ్లెవరు, కొలతలెంత. ఒకరికి రాసిన కారణాలనే ఇంకొకరికి అతికిస్తున్నారని పైవాళ్లు ఒకసారి గోల చేశారు కనుక, ఆ గడుల్లో కాపీ చేసి అతికించడం కుదరకుండా బిగించారు. ప్రతి ముక్కా చేత్తో కొట్టాల్సిందే. కాదనాలంటే ఇంత తతంగం లేదు. ఎర్ర బటన్ ఒకటుంది. అది కారణం అడగదు.

ఆ ప్రోగ్రామును చూసుకోవడం కొత్తమ్మాయి పని. హాలు చివర, సర్వర్ల బీరువా పక్కన, అద్దాల గదిలో కూర్చునేది. ఆ ప్రోగ్రాము రాసినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు. అతుకులన్నీ ఆమెవే. వాటిలో ఒక్క అతుకంటే ఆమెకు గర్వం.

పొద్దున ఆఫీసరు వచ్చి తన పేరూ పాస్‌వర్డూ కొట్టగానే సర్వరు ఒక టోకెన్ ఇస్తుంది. సినిమా హాలు గుమ్మం దగ్గర సగం చింపి చేతిలో పెట్టే టికెట్టు లాంటిదది. ఆ తర్వాత ఏ బటన్ నొక్కినా, ఆ రిక్వెస్టు వెంట టోకెన్ కూడా వెళ్లి తన మనిషి ఫలానా అని చెబుతుంది. టోకెన్‌కు గడువుంటుంది. ఏదైనా బటన్ నొక్కినప్పుడల్లా ఆ గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఏదీ నొక్కకుండా గడువు దాటాక వెళ్తే సర్వరు నాలుగు వందల ఒకటి అనే అంకె తిప్పికొడుతుంది. నువ్వెవరో నాకు తెలియదు పొమ్మని దానికి అర్థం. కొత్తమ్మాయి రాకముందు ఆ మాట తిన్నగా మనిషి ముఖానే పడేది. గంటసేపు రాసినదంతా పోయి, మళ్లీ లాగిన్ పేజీ వచ్చి కూర్చునేది. ఆమె వచ్చిన ఏడాదే దానికి వెనక గుమ్మం పెట్టింది. నాలుగు వందల ఒకటి రాగానే ప్రోగ్రాము ఆ రిక్వెస్టును పక్కన నిలబెట్టి, వెనక నుంచి వెళ్లి కొత్త టోకెన్ తెచ్చుకుని, ఆ రిక్వెస్టునే మళ్లీ పంపుతుంది. కుర్చీలో మనిషికి ఏదో జరిగిందని కూడా తెలియదు. ఆ వారమంతా హాల్లో ఆమెను మెచ్చుకోనివాళ్లు లేరు.

మేనేజరును వెనకాల వెన్నపూస అనేవారు. గొంతు పెంచడు, బల్ల గుద్దడు, ఏదీ కాగితం మీద పెట్టడు. ఆ రోజు కొత్తమ్మాయిని పిలిచి, కూర్చోబెట్టి, మీ అక్కయ్యవాళ్లు బాగున్నారా అని అడిగాడు. కొత్త పోస్టులు ఇక రావని, ఉన్న కుర్చీల్లో ఒకటి ఖాళీ అయితేనే ఆమె సంగతి తేలుతుందని చెప్పాడు. చెబుతూ తన గది అద్దంలోంచి హాల్లోకి చూశాడు. ఆయన చూపు రెండో వరస చివరి కుర్చీ మీద ఆగింది.

ఆ కుర్చీలో మనిషిని నిదానం గారు అంటారు. ఎప్పుడో ఒక మీటింగులో, మీ పని ఎందుకు సాగదని అడిగితే నిదానమే ప్రధానం కదండీ అన్నాడు. సామెతలో మొదటి సగం ఆయనకు పేరై అంటుకుంది. దరఖాస్తు ఒకసారి చదివి, అది పెట్టుకున్న మనిషికి ఫోన్ చేసి, మళ్లీ చదివేవాడు. రెండు వేళ్లతో కొట్టేవాడు. మిగతావాళ్లు బుట్టెడు తేల్చే రోజున ఆయన గుప్పెడు తేల్చేవాడు, ఆ గుప్పెడూ ఔననే తేల్చేవాడు.

"ఆయన్ని నేను పొమ్మనలేనమ్మా," అన్నాడు మేనేజరు. "పొమ్మంటే విచారణ, సంజాయిషీ, యూనియన్. ఆయనంతట ఆయనకే విసుగు పుడితే ఎవరికీ బాధ ఉండదు. ఆ టోకెన్ గడువు ఒక్క మనిషికి తగ్గించడం అవుతుందా?"

ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఒక జబ్బుంది. అవుతుందా అని అడిగితే అవుతుందో అవదో చెప్పేస్తారు. ఎందుకని అడగడం తర్వాతెప్పుడో గుర్తొస్తుంది.

"అవుతుంది సార్," అంది కొత్తమ్మాయి. "రెండు లైన్లు."

"అదీ పని అంటే," అన్నాడు మేనేజరు, ఎదురుగా ఉన్న టీ ఆమె వైపు జరిపి.

ఆమె అక్కగారింట్లో ఉండేది. బావ నీళ్ల ఫిల్టర్ల డీలరు. సరుకు అట్టపెట్టెల్లో వచ్చేది, ఆ పెట్టెలు ఆమె గదిలోకి చేరేవి. మొదట్లో ఒక గోడకు ఉండేవి. ఇప్పుడు మూడు గోడలు పోయి, మంచానికీ తలుపుకీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచే దారి మిగిలింది. బావ మంచివాడే, తన మాటలు సరదాకే అనుకునేవాడు.

"మరదలా, నీకూ నా ఫిల్టర్లకీ పోటీ పడింది," అనేవాడు భోజనాల దగ్గర. "అవీ కదలవు, నువ్వూ కదలవు. కాకపోతే అవెప్పటికైనా అమ్ముడవుతాయి."

అక్క నవ్వేది కాదు, ఊరుకోమనేదీ కాదు. పళ్లెంలోకి చూసేది.

రెండు వీధుల అవతల మేడమీద ఒక గది చూసుకుంది కొత్తమ్మాయి. మెట్ల మీదికి తెరుచుకునే తలుపు, ఒక కిటికీ, బొగ్గు గీతలతో పిల్లలెవరో రాసిన గోడ. ఇంటావిడ మర్యాదగానే మాట్లాడింది. కాంట్రాక్టువాళ్లకు ఇచ్చి ఒకసారి చేతులు కాల్చుకున్నానని, పర్మనెంటు కాగితం తెస్తే ఆ రోజే తాళం ఇస్తానని, అంతదాకా ఎవరికీ ఇవ్వనని మాత్రం మాట ఇవ్వలేనని చెప్పింది.

మర్నాడు పొద్దున ఆఫీసర్లు రాకముందే కొత్తమ్మాయి ఆ రెండు లైన్లూ రాసింది. లాగిన్ అయినది నిదానం గారైతే టోకెన్‌కు మూడు నిమిషాలే గడువని ఒకటి. ఆయన విషయంలో వెనక గుమ్మం తెరవొద్దని రెండోది. రాసి, సేవ్ చేసి, కుర్చీని అద్దం వైపు తిప్పుకుంది.

నిదానం గారు వచ్చాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు, దరఖాస్తు తెరిచాడు. ఫోన్ చేశాడు. మళ్లీ చదివాడు. నాలుగు గడులూ నింపి బటన్ నొక్కాడు. లాగిన్ పేజీ వచ్చింది. ఆయన దాన్ని కాసేపు చూసి, పేరూ పాస్‌వర్డూ కొట్టి, దరఖాస్తు తెరిచాడు. నాలుగు గడులూ ఖాళీ. తప్పు తనదే అనుకున్నాడు కాబోలు, మళ్లీ మొదటి నుంచీ రాశాడు. మళ్లీ లాగిన్ పేజీ. అప్పుడు అద్దాల గదిలో ఫోన్ మోగింది.

"అమ్మా, నొక్కకూడనిదేదో నొక్కినట్టున్నాను."

"మళ్లీ లాగిన్ అవండి సార్," అంది కొత్తమ్మాయి.

వారం తిరిగేసరికి హాలుకు అది కాలక్షేపమైంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆయన బటన్ మీద వేలు పెట్టగానే వెనక వరస టైపింగు ఆపి చూసేది. ఈసారి పోతుందా ఉంటుందా అని టీలు పందెం కాసేవారు. పక్క కుర్చీ ఆవిడ, పదేళ్లుగా ఆయన పక్కనే కూర్చుని ఆయన డబ్బాలోంచి వక్కపొడి తీసుకునే మనిషి, కంప్యూటరుక్కూడా మీరంటే పడదు సార్ అంది. ఆయన ఫిర్యాదు చేస్తే మేనేజరు మెషీన్ మార్పించాడు. తర్వాత అక్కడే కొత్త కుర్చీ కూడా వేయించాడు.

"కుర్చీ మారితే రాత మారుతుందా," అంది పక్క కుర్చీ ఆవిడ. అందరూ నవ్వారు.

ఆయన ఊరుకోలేదు. ముందు కాగితం మీద అంతా రాసుకుని, ఆ తర్వాత లాగిన్ అయ్యి, చూసి కొట్టడం మొదలుపెట్టాడు. రెండు వేళ్లకు ఎంత తొందర చేతనవునో అంత తొందరగా కొట్టాడు. మూడో గడి దాకా వచ్చేసరికి మూడు నిమిషాలు దాటేవి. ఒకసారి పక్క కుర్చీ ఆవిడ జాలిపడో సరదాపడో పక్కన నిలబడి, కాగితం చేతిలో పట్టుకుని మాట మాటా చదివింది. హాలంతా లేచి చుట్టూ చేరింది. ఆయన నాలుగో గడి పూర్తిచేశాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. బటన్ నొక్కాడు. లాగిన్ పేజీ వచ్చింది. నవ్వులు పైకప్పును తాకాయి. ఆయన కూడా నవ్వాడు. అద్దం వెనక నుంచి చూస్తున్న కొత్తమ్మాయికి మిగతావాళ్లు నవ్వడం ఏమీ అనిపించలేదు. ఆయన నవ్వడం నచ్చలేదు.

ఆ సాయంత్రం ఆయన అద్దాల గదికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగాడు. ఆమె తండ్రి వయసువాడు.

"మూడు నిమిషాలమ్మా. గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. అందరికీ అంతేనా?"

"మీరు పేజీలో ఎక్కువసేపు ఉండిపోతున్నారు సార్, దానివల్ల," అంది ఆమె. అబద్ధం ఆడకుండా చెప్పగలిగినందుకు తనను తనే మెచ్చుకుంది.

ఆయన తల ఊపాడు. ఆ వయసులో ఈ ఉద్యోగం వదిలితే ఇంకొకటి ఎవరూ ఇవ్వరని, ఇంట్లో మంచం దిగలేని భార్య ఉందని హాల్లో అందరికీ తెలుసు. మేనేజరుకూ తెలుసు. అందుకే ఆయన విసుగు చెందడానికి ఇంత కాలం పడుతోందని మేనేజరు సర్ది చెప్పుకునేవాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన ఒకే దరఖాస్తును మూడుసార్లు పోగొట్టుకున్నాడు. మూడోసారి లాగిన్ అయ్యాక గడుల జోలికి పోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని స్క్రీను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కుడిచెయ్యి ఎత్తి ఎర్ర బటన్ నొక్కాడు. పూర్తయింది అని వచ్చింది. చాలా రోజుల తర్వాత ఆయన స్క్రీను మీద కనిపించిన పూర్తయింది అదే. ఆయన ఇంకొకటి తెరిచాడు. దాన్ని పైనుంచి కిందికి జరిపి, నొక్కాడు. పూర్తయింది. సాయంత్రానికి పక్క కుర్చీ ఆవిడ కంటే ఆయనవే ఎక్కువ తేలాయి.

మర్నాడు ఫోన్ ముట్టలేదు. మూడోనాటికి కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. కళ్లజోడు అవసరం లేని పని అది. నెల తిరిగేసరికి హాలు గోడ మీది బోర్డులో ఆయన పేరు అన్నింటికంటే పైన ఉంది. మీటింగులో మేనేజరు ఆయన్ను నిలబెట్టి, ఏ వయసులోనైనా మనిషి మారొచ్చు అనడానికి నిదానం గారే సాక్ష్యం, చూసి నేర్చుకోండి అన్నాడు. నిదానం గారు చేతులు కట్టుకుని నిలబడి నేలచూపులు చూశాడు. పందెంలో ఓడినవాళ్లు టీలు పోయించారు.

కొత్తమ్మాయి మేనేజరు గదికి వెళ్లి తన సంగతి అడిగింది.

"మన మందు భలే పనిచేసిందమ్మా," అన్నాడు మేనేజరు. "నేను అనుకున్నట్టు కాదనుకో, అంతకంటే బాగా. ఇప్పుడాయన మనకి కావలసిన మనిషి. ఆయన కుర్చీ ఎలా ఖాళీ చేయిస్తాను? ఈ ఒక్క ఏడాదీ ఓపిక పట్టు."

ఇంట్లో ఆమె అక్కకు సగమే చెప్పింది. మిగతా సగం అక్క కూపీ లాగింది. రాత్రి భోజనాల వేళకు అది బావ నోటికి చేరింది.

"పొమ్మనలేక పొగబెట్టారని విన్నాను గానీ, పొగ తాగి ఎలుక బలిసిందని వినలేదు మరదలా," అన్నాడు బావ. "పైగా ఆ పొయ్యి ఊదింది నువ్వు."

అన్నాక, వచ్చే వారం కొత్త సరుకు దిగుతోందని, కిటికీ పక్కన నాలుగు పెట్టెలకు చోటుందని గుర్తు చేశాడు. ఈసారి అక్క నవ్వింది.

కొత్తమ్మాయి ఆ వారమంతా అద్దంలోంచి రెండో వరస చివరి కుర్చీనే చూసింది. ఆయన ఎడమచెయ్యి బల్ల మీద ఉండేది, కుడిచెయ్యి కదిలేది. నిమిషానికొకటి. ఆమె పన్నిన ఉచ్చులోనే ఆ మనిషి కాపురం పెట్టేశాడు. ఉచ్చు విప్పేస్తే? మూడు నిమిషాలు ఆయన్ను నిలబెట్టాయి. రోజంతా గడువిస్తే పాత మనిషి లేచి కూర్చుంటాడు, పాత మనిషికి ఈ ఆఫీసులో చోటు లేదు. ఈ ఆలోచన వచ్చాక ఆమె చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

పొద్దున వెళ్లి రెండు లైన్లూ చెరిపేసింది. ఆయన టోకెన్‌కు అందరిలాగే గడువు వచ్చింది, వెనక గుమ్మం తెరుచుకుంది. ఎదురు చూసింది. ఏమీ జరగలేదు. నిమిషానికొకటి తేల్చే మనిషికి గడువు పెరిగిందని ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు చెప్పాలి. ఆమే వెళ్లి చెప్పింది.

"సార్, మీ సమస్య బాగుచేశాను. ఇక పేజీ పోదు. ఎంతసేపైనా రాసుకోవచ్చు."

ఆయన సంతోషిస్తాడనుకుంది. ఆయన ముఖం పాలిపోయింది. చుట్టూ చూసి, లేచి, ఆమె వెంట అద్దాల గదికి వచ్చి తలుపు వేశాడు.

"మళ్లీ మూడు నిమిషాలు పెట్టెయ్యమ్మా," అన్నాడు. "నీకు పుణ్యముంటుంది."

ఎందుకన్నట్టు ఆమె ఆయన వైపు చూసింది.

"అది ఉన్నన్నాళ్లూ నాకు చదివే వీల్లేదు. వీల్లేదు కాబట్టి తప్పు నాది కాదనుకున్నాను. ఇంటికెళ్లి అన్నం తింటున్నాను, పడుకుంటున్నాను. ఇప్పుడు వీలుందంటున్నావు. ఇక ఆ బటన్ నొక్కితే నొక్కింది నేనే అవుతాను గదా."

కొత్తమ్మాయి ఆయనకు కుర్చీ చూపించింది. నీళ్లిచ్చింది. మేనేజరు మాట్లాడినట్టు మెత్తగా మాట్లాడింది. ఆ గొంతు తనకు అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం.

"మీరు చదవాలి సార్. ఈ హాల్లో చదివేది మీరొక్కరే. మీరు కూడా నొక్కేస్తే వాళ్లకింకెవరున్నారు చెప్పండి."

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. అందుకే అంత లోతుకు దిగింది. ఆయన నీళ్లు తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. చివరికి, తను చూడకుండా కాదన్నవాటిని మళ్లీ తెరవడం కుదురుతుందా అని అడిగాడు. అన్నీ కాదు, తనకు గుర్తున్నవి కొన్ని.

"కుదురుతుంది సార్," అంది ఆమె.

ఆయన అడిగింది కొన్నే. ఆమె ఆయన కాదన్నవన్నీ తెరిచింది. ఒక్క కమాండు. మర్నాడు పొద్దున ఆయన స్క్రీను తెరిచేసరికి నెల రోజుల జనం అంతా అందులో నిలబడి ఉన్నారు.

ఆయన భయపడలేదు. కళ్లజోడు తుడుచుకుని మొదటిదాని దగ్గర మొదలుపెట్టాడు. ఫోన్ చేసి, ముందు క్షమాపణ అడిగి, ఆ తర్వాత వివరాలు అడిగేవాడు. మధ్యాహ్నం భోజనానికి లేవడం మానేశాడు. రెండు వేళ్ల చప్పుడు సాయంత్రం అందరూ వెళ్లిపోయేదాకా వినపడేది. పక్క కుర్చీ ఆవిడ, దెయ్యం వదిలిందనుకుంటే దేవుడు పూనాడు అంది. బోర్డు మీద ఆయన పేరు ఒక్కో మెట్టే దిగి అట్టడుక్కు చేరింది. పక్కన పెండింగు అంకె మిగతా అందరివీ కలిపినా రానంత.

ఇంతవరకూ అయితే మేనేజరు ఇంకో నెల చూసేవాడేమో. కానీ నిదానం గారు ఒక పని చేశాడు. తెరిచిన ప్రతి దరఖాస్తులోనూ మొదటి గడిలో ముందుగా ఒక వాక్యం రాశాడు: ఈ దరఖాస్తును నేను ఇంతకు ముందు చదవకుండా తిరస్కరించాను. ఆ తర్వాతే అవతలి మనిషికి ఆ వస్తువు ఎందుకు కావాలో రాశాడు. ఎవరూ రాయమనలేదు. అలా రాయకపోతే రెండో సగం నిజమని ఎవరు నమ్ముతారని ఆయన అనుకున్నాడు.

మేనేజరు ఆ వాక్యం చదివి కొత్తమ్మాయిని పిలిచాడు.

"ఇవన్నీ ఎవరు తెరిచారు?"

"ఆయనే అడిగారు సార్, తెరవమని."

"మనం విచారణ పెట్టి ఏడాది తిరిగినా ఇంత మాట రాబట్టలేకపోయేవాళ్లం," అన్నాడు మేనేజరు. ఆయన గొంతులో ఆశ్చర్యం నిజమైనదే. "తన చేత్తో తనే రాసిచ్చాడు. ఒకసారి కాదు, ఇన్నిసార్లు. పాపం, మంచి మనిషి." తర్వాత గడియారం చూసుకున్నాడు. "ఆయన టోకెన్ తీసెయ్యమ్మా. ఇప్పుడే. తర్వాత నా దగ్గరికి పంపించు."

ఆమె గదికి వెళ్లి అద్దంలోంచి చూసింది. ఆయన ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఎవరో చెబుతున్నది వింటూ కొడుతున్నాడు. మూడు గడులు నిండాయి. నాలుగో దాంట్లో ఉన్నాడు. ఆయన ఫోన్ పెట్టేసేదాకా ఆగుదామనుకుంది. ఆగితే ఆయన బటన్ నొక్కుతాడు, అప్పుడది ఔనని తేలిపోతుంది, ఎందుకు ఆలస్యమైందని మేనేజరు అడుగుతాడు. ఆమె టోకెన్ తీసేసింది. పేరు కూడా తీసేసింది.

ఆయన నొక్కాడు. లాగిన్ పేజీ వచ్చింది. పేరు కొట్టాడు. ఆ పేరుతో ఎవరూ లేరని వచ్చింది. ఆయన తల తిప్పి అద్దాల గది వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. ఆ పాత జబ్బు మళ్లీ వచ్చినట్టుంది, కాస్త చూడమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె బయటికి వచ్చి, మేనేజరుగారు పిలుస్తున్నారని చెప్పింది.

ఆయన బయటికి వచ్చేసరికి బల్ల మీది సామాను అట్టపెట్టెలో సర్దించి ఉంది. హాల్లో అందరూ స్క్రీనుల్లోకి తలలు దూర్చి కూర్చున్నారు, తేలు కుట్టిన దొంగల్లా. ఆయన పెట్టె ఎత్తుకుని అద్దాల గదికి వచ్చాడు.

"ఒక్కటి మిగిలిపోయిందమ్మా. బట్టలు కుట్టే అతను. కుడికాలు మోకాలి కింద లేదు. మిషను తొక్కలేక పని పోయింది. మూడు గడులు అయిపోయాయి, కొలతలు ఇప్పుడే చెప్పాడు." చొక్కా జేబులోంచి చీటీ తీసి ఆమె బల్ల మీద పెట్టాడు. "ఇవి కొట్టేస్తే చాలు. నువ్వు లోపల్నుంచి చెయ్యగలవు కదా."

"చెయ్యగలను సార్," అంది ఆమె.

"నువ్వు చెప్పకపోతే నేను రిటైరయ్యేదాకా అలా నొక్కుకుంటూనే ఉండేవాణ్ణి," అన్నాడు ఆయన. "ఇంటికెళ్లి మా ఆవిడకి ఏం చెప్పాలో తెలియదు గానీ, ఇది మాత్రం చెబుతాను."

పెట్టె రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు కనుక నమస్కారం పెట్టలేకపోయాడు. తల వంచి వెళ్లిపోయాడు.

పర్మనెంటు కాగితం వారంలోపే వచ్చింది. దాంతో పాటు మేనేజరు రెండు పనులు చెప్పాడు. నోటితోనే చెప్పాడు. తెరిచి ఉన్న ఆ పాత దరఖాస్తులన్నీ ముందున్నట్టే కాదని మూసెయ్యాలి. మూడు నిమిషాల గడువు ఇకనుంచి హాల్లో అందరికీ పెట్టాలి.

మేడమీద గది ఇంకా ఖాళీగానే ఉందని ఇంటావిడ ఫోన్లో చెప్పింది. బావ ఆ సాయంత్రమే పెట్టెలకు కొలతలు తీసుకున్నాడు.

దరఖాస్తులు మూయడానికి కొత్తమ్మాయికి ఒక్క కమాండు చాలింది. వాటిలో ఒకదాన్ని విడిగా తీసి పక్కన పెట్టొచ్చు. దాని నంబరు చీటీ మీద కొలతల పైనే ఉంది. ఒకదాన్ని వదిలితే, ఇదెందుకు వదిలావని ఎవరైనా అడగొచ్చు. కొత్తగా పర్మనెంటయిన ఉద్యోగం. ఆమె అన్నింటినీ కలిపే మూసింది.

రెండో పని మొదలుపెట్టబోతుండగా హాల్లో నిదానం గారి బల్ల మీద ఫోన్ మోగింది. ఇంకా తీసెయ్యలేదు దాన్ని. పక్క కుర్చీ ఆవిడ విసుక్కుంటూ ఎత్తింది. విని, చేత్తో ఫోన్ మూసి, అద్దాల గది వైపు కేకేసింది.

"కొత్తమ్మాయ్, ఎవరో బట్టలు కుట్టే అతనట. ఆ రోజు మన పెద్దాయనకి కొలతలిచ్చాడట. తొందర్లో తప్పు చెప్పానేమో అని మళ్లీ కొలుచుకున్నాడట. కొంచెం తేడా ఉందంటున్నాడు. రాసుకోమంటావా?"

హాల్లో టైపింగు ఆగింది.

"ముందిచ్చిన కొలతే సరిపోతుందని చెప్పు," అంది కొత్తమ్మాయి.

పక్క కుర్చీ ఆవిడ ఆ మాటే చెప్పింది. అవతల అతను ఇంకేదో అన్నాడు. ఆవిడ ఊఁ కొట్టి ఫోన్ పెట్టేసింది.

"ఏమంటాడు?"

"పెద్దాయనకి దండాలు చెప్పమన్నాడు," అంది ఆవిడ, తన స్క్రీను వైపు తిరుగుతూ.

కొత్తమ్మాయి తలుపు వేసుకుని, రెండో పని పూర్తిచేసింది.